పాఠకుల ప్రశ్నలు: దేశం ఎంత వేడెక్కిందో ఎవరు తేలుస్తారు?

పోయిన నెల ఈ పేజీలో మన దేశ వాతావరణ మార్పు మీద 2020లో వచ్చిన రిపోర్ట్ గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దానికొచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూసి నాకు నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే ఎక్కువమంది అడిగింది ఎండలు ఎంత పెరుగుతాయని కాదు, అసలు ఈ లెక్క ఎవరు కట్టారు, ఎలా కట్టారు, నమ్మొచ్చా అని. ఏళ్ల తరబడి వాతావరణ పరిశోధనలో పనిచేసి రిటైరైన మనిషిని, నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఇంకోటి లేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, కొన్నింటికి పొడుగ్గా రాశాను, కొన్ని రెండు మాటల్లో తేల్చాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, పేపర్లో "శాస్త్రవేత్తల అంచనా ప్రకారం దేశం 0.7 డిగ్రీలు వేడెక్కింది" అని వేస్తారు. ఏ శాస్త్రవేత్తలు? అంచనా అంటే గ్యారంటీ లేదనేగా?
(రిటైర్డ్ టీచర్, రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, చిక్కంతా ఆ మాట దగ్గరే ఉందండీ. ఇంగ్లీషులో అసెస్‌మెంట్ అన్నదాన్ని తొందరలో అంచనా అని రాసేస్తారు, మనకేమో అంచనా అనగానే రేపు వాన పడొచ్చు పడకపోవచ్చు అన్నట్టు వినిపిస్తుంది. దానికి మన దగ్గరే మంచి మాట ఉంది, మదింపు. ఆస్తి మదింపు వేసేవాళ్లు జోస్యం చెప్పరు కదా, ఇల్లు చూస్తారు, కాగితాలు చూస్తారు, చుట్టుపక్కల ఏ రేటుకి పోయాయో కనుక్కుంటారు, అన్నీ కలిపి ఇదీ విలువ అని సంతకం పెడతారు. వాతావరణ మదింపు కూడా అలాంటిదే. కొత్త ప్రయోగమేమీ చెయ్యరు, అప్పటిదాకా అచ్చయిన పరిశోధనలు, కొలతలు, కంప్యూటర్ మోడళ్ల ఫలితాలు అన్నీ ముందేసుకుని ఏది గట్టిగా నిలబడింది, ఏది ఇంకా తేలలేదు అని విడదీసి రాస్తారు.

0.7 డిగ్రీలు అన్నది జరిగిపోయిన దాని లెక్క. 1901 నుంచి 2018 దాకా థర్మామీటర్లలో చదివి రాసుకున్న ఉష్ణోగ్రతల నుంచి వచ్చింది. ఆ రిపోర్ట్ 2020 జూన్‌లో కేంద్ర భూవిజ్ఞాన శాస్త్రాల శాఖ తరఫున విడుదలైంది, పనంతా నడిపించింది పుణెలోని ఐఐటీఎం, అంటే భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ. ఆర్. కృష్ణన్, జె. సంజయ్, సి. జ్ఞానశీలన్, మిలింద్ ముజుందార్, అశ్వినీ కులకర్ణి, సుప్రియో చక్రవర్తి దీనికి ఎడిటర్లు. మొత్తం 12 అధ్యాయాలు, ఉష్ణోగ్రతకి ఒకటి, వర్షానికి ఒకటి, కరువులు వరదలకి ఒకటి, సముద్ర మట్టానికి, తుఫాన్లకి, హిమాలయాలకి ఇలా విడివిడిగా, ఒక్కోదానికి ఒక్కో టీమ్. ఫ్రీగా చదువుకోవచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

దీనికి పదేళ్ల ముందు ఇంకోటి జరిగింది, దాన్ని ఇప్పుడు ఎవరూ తల్చుకోవట్లేదు గానీ నాకు అది చాలా ముఖ్యమనిపిస్తుంది. 2009 అక్టోబర్‌లో జైరాం రమేష్ పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు వాతావరణ మార్పు మదింపు కోసం ఒక జాతీయ నెట్‌వర్క్ మొదలుపెట్టారు, 120కి పైగా సంస్థలు, 250 మందికి పైగా శాస్త్రవేత్తలు. వాళ్లు 2010 నవంబర్‌లో ఒక రిపోర్ట్ ఇచ్చారు, హిమాలయాలు, పడమటి కనుమలు, తీరప్రాంతం, ఈశాన్యం అనే నాలుగు ప్రాంతాల్లో వ్యవసాయం, నీళ్లు, అడవులు, ఆరోగ్యం అనే నాలుగింటికి 2030ల నాటికి ఏమవుతుందో చూశారు. 2020 రిపోర్ట్‌లో ఎక్కువగా ఉన్నది గాలి, వాన, సముద్రం సంగతి, మనుషుల సంగతి అందులో తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ ఒకసారి చెయ్యాలని నా గట్టి కోరిక.

ప్రశ్న: ఇంతమంది సైంటిస్టులు ఒక మాట మీదకి ఎలా వస్తారు మేడమ్? ఓటింగ్ పెడతారా? ఒప్పుకోనివాళ్ల మాట ఏమవుతుంది?
(డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: ఓటింగ్ ఉండదమ్మా. ఓటుతో తేలే విషయమైతే మాకు ఇంత తలనొప్పి ఉండేది కాదు, ఒక మధ్యాహ్నంలో అయిపోయేది.

జరిగేది ఏంటంటే, ఒక్కో అధ్యాయానికి ఇద్దరో ముగ్గురో బాధ్యులు ఉంటారు, వాళ్ల కింద రచయితలు. ముందు ఎవరి భాగం వాళ్లు రాస్తారు. ఆ డ్రాఫ్ట్ అదే సబ్జెక్ట్ తెలిసిన బయటివాళ్లకి వెళ్తుంది, వాళ్లు లైన్ నంబర్ వేసి మరీ తప్పులు పట్టి పంపుతారు, ప్రతి కామెంట్‌కీ రచయితలు జవాబు చెప్పుకోవాలి, ఒప్పుకుంటే మార్చాలి, ఒప్పుకోకపోతే ఎందుకో రాయాలి. ప్రపంచ స్థాయిలో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం, 2021లో ఇచ్చిన రిపోర్ట్ మొదటి భాగం చూడండి, 66 దేశాల నుంచి 234 మంది రచయితలు, 14 వేలకు పైగా పరిశోధనా పత్రాలు, వచ్చిన కామెంట్లు 78 వేలకు పైగా. మన ఐఐటీఎం కృష్ణన్ గారు అందులో నీటి చక్రం అధ్యాయానికి ముగ్గురు బాధ్యుల్లో ఒకరు. దేశం స్థాయి రిపోర్ట్ ఇంత పెద్దది కాదు గానీ పద్ధతి అదే.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను, ఏ రిపోర్టో వద్దులే. ఒక కొండ ప్రాంతంలో వాన తగ్గింది అని ఒక వాక్యం ఉంది. గ్రాఫ్ కూడా కిందికే దిగుతోంది, చూడగానే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. కాల్‌లో పదిమందిమి ఉన్నాం, అందులో ఒక పెద్దాయన, ఎప్పుడూ తక్కువ మాట్లాడతారు, ఆ ప్రాంతంలో మొదట్లో ఎన్ని రెయిన్ గేజ్‌లు, అంటే వాన కొలిచే పాత్రలు, ఉండేవి, చివర్లో ఎన్ని మిగిలాయి అని అడిగారు. ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. తీసి చూస్తే వాన ఎక్కువ పడే పై ఊళ్లలో కొన్ని స్టేషన్లు మధ్యలోనే మూతపడ్డాయి, కింద లోయలో ఉన్నవి మిగిలాయి, అంటే సగటు తగ్గినట్టు కనిపించడానికి వాన తగ్గడం ఎంత కారణమో స్టేషన్లు పోవడం ఎంత కారణమో తెలీదు. మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఉన్న స్టేషన్లే తీసుకుని లెక్క కట్టారు, తగ్గుదల కనిపించింది గానీ ముందంత లేదు. ఆ వాక్యం అలాగే ఉంచాలని ఒకరు, తీసేయాలని ఒకరు, రెండు రోజులు అదే చర్చ. చివరికి వాక్యం ఉంది, కానీ దాని పక్కన ఈ మాట మీద నమ్మకం మధ్యస్తం అని పెట్టి, స్టేషన్లు తక్కువ అని కారణం కూడా రాశారు.

నువ్వడిగిన ఒప్పుకోనివాళ్ల మాట అక్కడికి వెళ్తుందమ్మా, ఆ నమ్మకం అనే కొలతలోకి. ఈ రిపోర్టుల్లో అధిక నమ్మకం, మధ్యస్త నమ్మకం, తక్కువ నమ్మకం అని రాసేది ఏదో అలంకారానికి కాదు, సాక్ష్యం ఎంతుంది, ఆ సాక్ష్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయి అని రెండూ చూసి పెట్టేది. ఐపీసీసీ భాషలో చాలా అవకాశం ఉంది అంటే వందకి 90 పైనే అని, అవకాశం ఉంది అంటే 66 పైన అని లెక్క. తెలుగులోకి వచ్చేసరికి రెండూ 'అవకాశం ఉంది' అయిపోతాయి, అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఒక్క 'చాలా' కోసం కొంతమంది వారాలు కూర్చుని ఉంటారు.

ప్రశ్న: ప్రపంచం ఒక డిగ్రీ దాటి వేడెక్కిందంటారు, మనం 0.7 మాత్రమే. అంటే మనకి నయమే కదా?
(మెసేజ్‌లో వచ్చింది)

జవాబు: అలా అనిపిస్తుంది గానీ కాదండీ. ప్రపంచ సగటులో ధ్రువాల దగ్గర బాగా వేడెక్కిన ప్రాంతాలు కూడా కలుస్తాయి. రెండోది, మన 2020 రిపోర్టే చెప్పింది, గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల రావాల్సిన వేడిలో కొంత భాగాన్ని గాల్లో ఉన్న పొగ, ధూళి, సల్ఫేట్ కణాలు, భూమి వాడకంలో వచ్చిన మార్పులు తగ్గించాయి అని. ఆ కణాలు సూర్యరశ్మిని అడ్డుకుంటాయి. అదే గాలి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తోంది కాబట్టి రేపు దాన్ని శుభ్రం చేసుకోక తప్పదు, చేసుకున్నాక కింద దాగున్న వేడి బయటపడుతుంది. దీన్ని నయం అనలేను. అదీకాక హిందూకుష్ హిమాలయాల్లో 1951 నుంచి 2014 లోపే 1.3 డిగ్రీలు పెరిగింది, మన గంగ, బ్రహ్మపుత్ర అక్కడివే.

ప్రశ్న: వానాకాలం వర్షాలు 6 శాతం తగ్గాయని రాశారు. మా దగ్గర ఒక ఏడాది చుక్క పడదు, ఇంకో ఏడాది ఒక్క రాత్రిలో చెరువు తెగేంత పడుతుంది. ఆ 6 శాతం అర్థమేంటి? దాంతో రైతు ఏం చేసుకోవాలి?
(వేరుశనగ రైతు, అనంతపురం జిల్లా)

జవాబు: మీరు అడిగిన తీరులోనే సగం జవాబు ఉందన్నా. 1951 నుంచి 2015 మధ్య జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసే వాన దేశం మొత్తం మీద దాదాపు 6 శాతం తగ్గింది, అందులో ఎక్కువ తగ్గింది గంగా మైదానంలో, పడమటి కనుమల్లో. అది అనంతపురం లెక్క కాదు, దాన్ని పట్టుకుని మా ఊళ్లో కూడా ఆరు శాతం తగ్గింది అనుకోవద్దు. మీ కంటికి కనిపిస్తున్నది వేరే అంకెల్లో ఉంది. 1951-1980తో పోలిస్తే 1981-2011 మధ్య వానాకాలంలో వాన లేని ఎడాలు 27 శాతం ఎక్కువసార్లు వచ్చాయి. ఇంకో పక్క మధ్య భారతంలో ఒక్కరోజే 150 మిల్లీమీటర్లు దాటి కురిసిన సందర్భాలు 1950 నుంచి 2015 లోపు సుమారు 75 శాతం పెరిగాయి. అంటే మొత్తం కొంచెం తగ్గింది, కురిసేది ఒక్కసారే కురుస్తోంది, మధ్యలో ఎండు రోజులు పెరిగాయి. విత్తనం వేసినవాడికి మొత్తం కంటే ఆ మధ్య ఎడమే ప్రాణం మీదకి వస్తుంది, మీకు నేను చెప్పాలా.

వేడి పెరిగితే గాల్లో తేమ పెరిగి వాన పెరగాలి కదా, మరి ఎందుకు తగ్గింది అని చాలామంది అడిగారు. దీని మీద శాస్త్రవేత్తలు చాలాకాలం కొట్లాడుకున్నారు. ఉత్తరార్ధగోళంలో మనుషులు వదిలిన పొగ కణాల వల్ల భూమి, సముద్రం మధ్య వేడి తేడా తగ్గి రుతుపవనం బలహీనపడిందని, గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల పెరగాల్సిన వానని అది చాలావరకు మింగేసిందని ఇప్పుడు ఒక అభిప్రాయం కుదురుతోంది. రకరకాల డేటా, రకరకాల మోడళ్లు ఒకే వైపు చూపిస్తేనే అలా రాస్తారు. ముందుముందు మాత్రం వానాకాలం వాన పెరుగుతుందనే మోడళ్లు చెప్తున్నాయి, దాంతోపాటు హెచ్చుతగ్గులు కూడా.

ఇక రైతుకి పనికొచ్చేది. హైదరాబాద్‌లో క్రీడా అని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, అక్కడివాళ్లు 2019లో దేశంలో 573 గ్రామీణ జిల్లాలని ఒక్కోటిగా మదింపు వేశారు, ముప్పు చాలా ఎక్కువున్నవి 109, ఎక్కువున్నవి 201 అని తేల్చారు. అదే సంస్థ రుతుపవనం రెండు వారాలు లేటైతే ఏం వెయ్యాలి, నాలుగు వారాలు లేటైతే ఏం వెయ్యాలి, మధ్యలో వాన ఆగిపోతే ఏం చెయ్యాలి అని జిల్లాల వారీగా ప్లాన్లు కూడా తయారు చేయించింది. మీ దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే వెళ్లి మా జిల్లా కంటింజెన్సీ ప్లాన్ చూపించండి అని అడగండి, మొహమాటపడొద్దు, అది మీ కోసం రాసిందే.

ప్రశ్న: హుద్‌హుద్ చూశాం, తిత్లీ చూశాం. ఇవన్నీ వాతావరణ మార్పు వల్లే అని టీవీలో ఒకరంటారు, కాదు తుఫాన్లు ఎప్పుడూ ఉన్నవే అని ఇంకొకరు. మీ రిపోర్ట్ ఏమంటుంది?
(అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మా, ఇద్దరూ కొంత నిజమే చెప్తున్నారు. 1977 నవంబర్ 19న దివిసీమని ముంచేసిన తుఫాను ఈ చర్చలన్నీ మొదలవ్వకముందుది. రిపోర్ట్ చెప్పేది ఇది, 1951 నుంచి 2018 దాకా చూస్తే ఉత్తర హిందూ మహాసముద్రంలో మొత్తం తుఫాన్ల సంఖ్య తగ్గింది. కానీ 2000 తర్వాత, వానాకాలం వెళ్లాక వచ్చే సీజన్లో, అంటే 2014 అక్టోబర్ 12న విశాఖని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న మీ పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చిన రోజుల్లో, అతి తీవ్ర తుఫాన్లు పదేళ్లకి ఒకటి చొప్పున పెరిగాయి. ఇది మనుషుల వల్ల వచ్చిన వేడి పనేనా అంటే, ఆ సంకేతం ఇంకా స్పష్టంగా బయటపడలేదు అని రాశారు.

ఆ ఒక్క వాక్యం కోసం నేను ఆ రిపోర్ట్‌ని గౌరవిస్తాను. అవును, మనుషుల వల్లే అని రాసేస్తే అన్ని పేపర్లలో హెడ్‌లైన్ వచ్చేది, రాయలేదు. తుఫాన్ల రికార్డు చిన్నది, శాటిలైట్లు వచ్చాకే సముద్రం మధ్యలో పుట్టి అక్కడే పోయే తుఫాన్లు సరిగ్గా కనిపించడం మొదలైంది, ఇరవై ఏళ్ల లెక్కతో గట్టి మాట చెప్పలేరు. అయితే గట్టిగా చెప్పినవి కూడా ఉన్నాయి, ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర 1951 నుంచి 2015 లోపు సుమారు 1 డిగ్రీ వేడెక్కింది, ప్రపంచ సముద్రాల సగటు 0.7. తుఫానుకి తిండి ఆ వేడినీళ్లే. ఉత్తర హిందూ మహాసముద్రం మట్టం 1993 నుంచి 2017 దాకా ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, అంతకుముందు వందేళ్లకి పైగా పెరిగిన వేగం ఏడాదికి 1.06 నుంచి 1.75 మధ్యే. కాబట్టి అదే బలం ఉన్న తుఫాను వచ్చినా ఉప్పెన నీళ్లు ఎత్తైన మట్టం మీద నుంచి బయల్దేరతాయి. మీ అంగన్‌వాడీ నుంచి తుఫాను షెల్టర్‌కి దారి ఎలా ఉందో చూసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు, మిగతాది మేం తేల్చేదాకా ఆగక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో యూనివర్సిటీలో పనిచేస్తాడు. అక్కడ వాతావరణ రిపోర్ట్ రాసే శాస్త్రవేత్తలందర్నీ తీసేశారని చెప్పాడు. ఇది నిజమా? మన దగ్గర కూడా అలా జరగొచ్చా?
(గృహిణి, గుంటూరు)

జవాబు: నిజమేనమ్మా. అక్కడ 1990లో చేసిన ఒక చట్టం ఉంది, నాలుగేళ్లకోసారికి తగ్గకుండా దేశం మీద వాతావరణ మార్పు ప్రభావం ఏంటో వాళ్ల పార్లమెంటుకి, ప్రెసిడెంట్‌కి రిపోర్ట్ ఇవ్వాలని. నాలుగేళ్ల లెక్క తప్పుతూనే వచ్చింది గానీ 2000లో మొదటిది, తర్వాత 2009, 2014, 2017-18లో రెండు భాగాలుగా నాలుగోది, 2023 నవంబర్‌లో ఐదోది వచ్చాయి. ఆరోది మొదలై దాదాపు 400 మంది రచయితలు పనిలోకి దిగాక, 2025 ఏప్రిల్ ఆఖర్లో ప్రభుత్వం వాళ్లందరికీ ఈమెయిల్ పంపి మీ బాధ్యత ఇంతటితో ముగిసింది అంది. వాళ్లు ఉద్యోగస్తులు కారు, జీతం లేకుండా వాలంటీర్లుగా రాసేవాళ్లు, కాబట్టి ఉద్యోగం పోయినట్టు కాదు, రాసే పని పోయింది.

తర్వాత జరిగింది నాకు చాలా ధైర్యం ఇచ్చింది. ఒక వారంలోపే రెండు పెద్ద శాస్త్రవేత్తల సంఘాలు, అమెరికన్ జియోఫిజికల్ యూనియన్, అమెరికన్ మెటియరాలజికల్ సొసైటీ కలిసి, మీ పరిశోధన ఆగొద్దు, మా జర్నల్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సంకలనం తెస్తాం, పంపండి అని పిలుపునిచ్చాయి. ప్రభుత్వ రిపోర్ట్‌కి ఇది బదులు కాదని కూడా వాళ్లే చెప్పారు, ఆ మాట సరైనది. ఎందుకంటే విడివిడి పత్రాలు ఎన్ని వచ్చినా అన్నిటినీ ఒక బల్ల మీద పెట్టి ఇదీ మా అందరి మాట అని చెప్పడం వేరే పని, దానికి పేరుంది, బాధ్యత ఉంది, కలెక్టరో ఇంజనీరో వంతెన ఎత్తు నిర్ణయించేటప్పుడు దాన్ని ముందు పెట్టుకోగలరు.

మన దగ్గర జరగొచ్చా అన్నారు. మనకి అలాంటి చట్టమే లేదమ్మా. మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఎప్పటికప్పుడు నివేదికలు పంపుతుంది, 2004, 2012, 2023 అలా, అవి ఒప్పందం ప్రకారం పంపేవి. దేశం లోపల మనకోసం మనం చేసుకునే మదింపు మాత్రం 2010లో ఒకటి, 2020లో ఒకటి, ఎవరో పూనుకున్నప్పుడు వచ్చాయి. చట్టం ఉన్నచోట కూడా ఆపగలిగారు, నిజమే, కానీ ఆపినప్పుడు ఆపారని అందరికీ తెలిసింది. మన దగ్గర రాకపోతే రాలేదని కూడా ఎవరికీ తెలియదు. ఐదేళ్లకోసారి తప్పనిసరి అని ఒక చట్టం చెయ్యాలి, ప్రతి రాష్ట్ర భాషలో రావాలి, నేనైతే ఈ మాట ఎక్కడైనా చెప్తాను.

ప్రశ్న: ఈ శతాబ్దం చివరికి 4.4 డిగ్రీలు పెరుగుతుందని చదివి మా అమ్మాయికి నిద్ర పట్టలేదు.
(హైదరాబాద్ నుంచి ఒక తండ్రి)

జవాబు: పాపకి ఇలా చెప్పండి. 4.4 అన్నది జరగబోయేది కాదు, ప్రపంచమంతా ఏ అడ్డూ లేకుండా బొగ్గు, ఆయిల్ తగలబెడుతూ పోయే అత్యధిక ఉద్గారాల లెక్కలో, 1976-2005 సగటుతో పోల్చినప్పుడు వచ్చే అంకె. మనుషులు ఏం చేస్తారో ఏ మోడల్‌కీ తెలియదు, అందుకే ఇలా జరిగితే ఇంత, అలా జరిగితే అంత అని వేర్వేరు దారులు వేసి చూస్తారు. ఏ దారిలో వెళ్లాలో ఇంకా ఎంచుకోవచ్చు, పాపకి చెప్పాల్సింది అదే.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదువుతున్నా. ఇలాంటి టీమ్‌లో పనిచెయ్యాలంటే ఏం చదవాలి?
(విద్యార్థి, తిరుపతి)

జవాబు: బాబూ, ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా పట్టుకో, ప్రోగ్రామింగ్ ఇప్పటి నుంచే నేర్చుకో. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, హైదరాబాద్‌లో సముద్ర సమాచారానికి ఇన్‌కాయిస్, శాటిలైట్ డేటాకి ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నాయి, మీకు పక్కనే గాదంకిలో పైగాలిని కొలిచే పెద్ద రాడార్ ఉంది, కాలేజీ తరఫున పర్మిషన్ అడిగి ఒకసారి వెళ్లి చూడు. బైపీసీ వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు కూడా నాకు కుదరదు అనుకోవద్దు, దోమల జ్వరాలు, పంట నష్టం, వలసలు ఇవన్నీ రాసేవాళ్లు కావాలి, నా లెక్కలో ఇప్పుడు కొరత వాళ్లకే ఎక్కువ.

ప్రశ్న: నేను మండల ఆఫీసులో పదిహేనేళ్లుగా పొద్దున్నే వర్షం కొలిచి రిజిస్టర్‌లో రాస్తున్నా. ఇప్పుడు ఆటోమేటిక్ స్టేషన్ వచ్చింది, పాత రెయిన్ గేజ్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదు. మేం రాసిన దానికి ఈ పెద్ద రిపోర్టుల్లో ఏమైనా విలువ ఉందా?
(పేరు వద్దన్నారు, ఖమ్మం జిల్లా)

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివానండీ. నేను పైన రాసిన 6 శాతం, 27 శాతం, 75 శాతం, ఈ అంకెలన్నిటికీ పునాది మీలాంటివాళ్లు రాసిన రిజిస్టర్లే. వాతావరణ శాఖ 1901 నుంచి దేశం మొత్తానికి రోజువారీ వర్షం మ్యాప్ తయారు చేసింది, పాతిక కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఒక గడి చొప్పున, దానికి వాడినవి 6,955 రెయిన్ గేజ్ స్టేషన్ల రికార్డులు. ప్రతి స్టేషన్ వెనకా పొద్దున్న ఎనిమిదిన్నరకి చెప్పులేసుకుని వెళ్లి గరాటు తీసి, సీసాలో నీళ్లు గాజు కొలపాత్రలోకి వంచి, కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని నీటి వంపు అడుగు ఎక్కడుందో చదివిన మనిషి ఒకరున్నారు. తుఫాను రోజున కూడా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి రికార్డు చూస్తుంటే ఒక ఏడాది నుంచి వాన ఉన్నట్టుండి తగ్గిపోయింది. చుట్టుపక్కల స్టేషన్లలో అలా లేదు. రిజిస్టర్ కాపీ తెప్పించి చూస్తే పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న మాట రాసి ఉంది, "గేజ్ పక్క వేపచెట్టు పెరిగినది, పై అధికారికి తెలిపితిని" అని. అంతే, సమస్య తేలిపోయింది. పక్కనున్న చెట్టైనా గోడైనా దాని ఎత్తుకి రెట్టింపు దూరమైనా లేకపోతే గేజ్‌లో పడాల్సిన వాన పడదు. ఆ రాసినాయన ఎవరో నాకు తెలియదు, కానీ ఆ మాట లేకపోతే ఆ ఊళ్లో వాతావరణం మారిందని మేం పొరపాటు పడేవాళ్లం.

కాబట్టి ఆటోమేటిక్ స్టేషన్ వచ్చింది కదా అని మీ గేజ్ ఆపొద్దు. వీలైతే కనీసం రెండు మూడు వానాకాలాలు రెండిట్లోనూ పక్కపక్కన రాయండి, పాత కొలతకీ కొత్త కొలతకీ తేడా ఎంతో తెలిస్తేనే వెనక ఉన్న రికార్డునీ ముందు రాబోయే రికార్డునీ అతికించగలరు. వాన పడని రోజు సున్నా అని రాయండి, ఖాళీ వదలొద్దు, ఖాళీ ఉంటే వాన లేదో, మీరు సెలవులో ఉన్నారో ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకి తెలియదు. గేజ్ జరిపినా, పక్కన గది కట్టినా, కొత్తది పెట్టినా తేదీతో సహా అదే పేజీలో రాయండి. ఆఫీసు మారేటప్పుడో బీరువా ఖాళీ చేసేటప్పుడో పాత రిజిస్టర్లు చిత్తు కాగితాల కింద పోనివ్వకండి, పంపించే ముందు ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఏడాది కనిపించేలా. ఆ ఫొటోలు ఎవరికి పంపాలో తెలియకపోతే ఈ పత్రిక అడ్రస్‌కి నా పేరు మీద రాయండి, సరైన చోటికి చేర్చే బాధ్యత నాది.